లఘుచిత్రమునకు గురజాడ కొలత

లఘుచిత్రమును నిడివినిబట్టి కొలుచుట పరిపాటి. అది చాలదని మా తలంపు. విజయనగరమున గురజాడ అప్పారావుగారు రచించిన ‘దిద్దుబాటు’ (1910) ఒక రాత్రి, ఒక జాబు, మంచము క్రింది నవ్వు, ఇంతమాత్రముననే ఒక దాంపత్యమును సరిదిద్దినది. ఈ కొలతతో, 2021లో నెట్‌ఫ్లిక్స్‌లో వెలువడిన నాలుగు లఘుచిత్రముల సంపుటి ‘పిట్టకథలు’ను పరిశీలింతము.

నందినీరెడ్డి ‘మీరా’ భర్త అనుమానమను ఏకబీజమును విడువక నడచుటచే నిలచినది. నాగ్ అశ్విన్ ‘ఎక్స్‌లైఫ్’ భావిలోకమును కల్పించినది. కాని ఆ లోకమును వివరించుటతోనే కాలము గడచి, పాత్రల వేదన మనకు దూరమైనది. దోషము వైజ్ఞానిక కల్పనది కాదు, కుదింపుది.

పిట్టకథ పెద్దకథకు ఉపాఖ్యానము, ‘దిద్దుబాటు’ స్వయంసమగ్రము. ప్రక్రియ యేదైనను, లఘుచిత్రమునకు ఆదర్శము రెండవదియే. ఈ భేదమును గుర్తించుటయే రసజ్ఞతకు తొలిమెట్టు.