చింతబొగ్గుతో మొదటి పాఠం

“సార్, ఇది నొక్కితే అంతా పోతాదేమో!”

పదిహేనేళ్ళుగా చిన్న చిన్న ఆఫీసులకు వెళ్ళి, అక్కడ పనిచేసేవాళ్ళకు వెబ్‌సైట్ పని నేర్పుతున్నాను. ఏ ఊళ్ళో కూర్చున్నా మొదటి గంటలో వినబడే మాట ఇదే. పోయిన నెల శ్రీకాళహస్తిలో మళ్ళీ విన్నాను. కలంకారీ బట్టలు అమ్మే ఒక చిన్న సంఘం వాళ్ళ గది అది. అన్నది అక్కడ లెక్కలు రాసే అమ్మాయి. చూపుడువేలు మౌస్ మీద ఉంది గాని ఆనడం లేదు. ఆమె పక్కన పార్సిళ్ళు కట్టే కుర్రాడు, గోడవారన ముప్పై ఏళ్ళుగా బొమ్మలు వేస్తున్న పెద్దావిడ, నేర్పుతున్నారని తెలిసి తనూ వచ్చి కూర్చున్న ఒక లాడ్జి గుమాస్తా. నలుగురికీ కలిపి ఒక ల్యాప్‌టాప్, ఒక పాత డెస్క్‌టాప్.

ఆ భయాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. నెల జీతం మీద బతికే మనిషికి, పదిమంది డబ్బు పోసి చేయించిన వస్తువు తన చేతిలో చెడుతుందేమోనన్న బెదురు ఉండటం న్యాయమే. పైగా ఏది చెరుగుతుందో, ఏది చెరగదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకే నా దగ్గర మొదటి పాఠం పాడుచేయడంతోనే మొదలవుతుంది. బ్రౌజర్‌లో వాళ్ళ సైటే తెరిచి ఎఫ్12 నొక్కమన్నాను. పేజీ వెనకుండే హెచ్‌టీఎంఎల్ అంతా కుడిపక్కన పరుచుకుంది. 4500 రూపాయల దుపట్టా ధర మీద రెండుసార్లు నొక్కి, 45 అని కొట్టమన్నాను. కొట్టింది. తెర మీద నిజంగానే 45 అయికూర్చుంది. కుర్రాడు లేచి నిలబడ్డాడు. “ఇప్పుడు ఎఫ్5 నొక్కమ్మా” అన్నాను. 4500 తిరిగొచ్చింది. మనం దిద్దింది మన కంప్యూటర్‌లోకి దిగిన ప్రతిని. అసలు పేజీ సర్వర్‌లో ఎక్కడిదక్కడే ఉంది.

అప్పటిదాకా మాట్లాడని పెద్దావిడ అంది: “మేం చింతబొగ్గుతో గీసుకుంటామే, అట్లాంటిదన్న మాట.”

ఈ ఊరి పని చూసినవాళ్ళకు ఆ మాట ఎంత సూటిగా తగిలిందో తెలుస్తుంది. చింతపుల్లలు కాల్చి చేసిన బొగ్గుతో ముందు బొమ్మ గీతలు గీస్తారు. నచ్చకపోతే గుడ్డ దులిపితే చాలు. ఆ తర్వాత కలం పట్టి కసీం పెడతారు. బెల్లం నీళ్ళలో తుప్పుపట్టిన ఇనుపముక్కలు వేసి రోజుల తరబడి పులియబెడితే వచ్చేదే కసీం. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ మీద అది పడిందంటే, కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి నల్లబడతాయి. ఆ గీత ఇక పోదు. పనివాడికి తెలియాల్సింది తన చేతిలో ఉన్నది బొగ్గా, కసీమా అన్నదే.

ఆ మధ్యాహ్నం పాఠమంతా ఆ రెండు మాటల మీదే నడిచింది. వాళ్ళ సైటు వర్డ్‌ప్రెస్‌లో చేసినది. బోర్డు మీద రెండు వరుసలు గీశాం. డ్రాఫ్టు బొగ్గే. ప్రివ్యూ బొగ్గే. అచ్చయిన పేజీలో తప్పు పడినా పాత ప్రతులు రివిజన్లలో వరుసగా ఉంటాయి కాబట్టి అదీ బొగ్గే. చెత్తబుట్టలో వేసిన పేజీ మామూలుగా 30 రోజులు అక్కడే ఉంటుంది, వెనక్కి తెచ్చుకోవచ్చు. ఇక కసీం వరుసలో తక్కువే మిగిలాయి: శాశ్వతంగా తొలగించడం, పేజీ చిరునామా మార్చడం, ప్లగిన్లు తీసేయడం. చిరునామా మారిస్తే ఏమవుతుందని కుర్రాడు అడిగాడు. పాత లింకు దాచుకున్న కొనుగోలుదారుడు వచ్చి తలుపు తట్టి, ఇల్లు ఖాళీ అనుకుని వెళ్ళిపోతాడని చెప్పాను. ఆ రెండు వరుసలూ రాసుకున్న కాగితం ఇప్పటికీ వాళ్ళ డెస్క్‌టాప్ పక్కన గోడకు అంటించి ఉంది.

నేను మొదట్లో ఇలా నేర్పేవాణ్ణి కాదు. ప్రొజెక్టర్ పెట్టి, మెనూలు ఒక్కొక్కటే తెరిచి, ఇది ఇందుకు, అది అందుకు అని రెండు రోజులు చెప్పేవాణ్ణి. అందరూ బుద్ధిగా రాసుకునేవారు. నెల తిరిగి వెళ్తే ఒక్క పేజీ కదిలి ఉండేది కాదు. తప్పు వాళ్ళది కాదని ఒప్పుకోవడానికి నాకు రెండు మూడేళ్ళు పట్టింది. ఎవరి పేజీ మీద వాళ్ళ చెయ్యి పెట్టించకుండా సాఫ్ట్‌వేర్ నేర్పడమంటే, గుడ్డ తడపకుండా రంగుల గురించి ఉపన్యాసం చెప్పడమే.

శ్రీకాళహస్తికి శిక్షణ కొత్తది కాదు. 1950లలో ఇక్కడ కలం పట్టే చేతులు బాగా తగ్గిపోయాయి. అఖిల భారత హస్తకళల బోర్డు నడిపిన కమలాదేవి చట్టోపాధ్యాయ చొరవతో 1957లో ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టారు. ఇవాళ దుకాణాల్లో కనబడే రామాయణ, భారత గాథల వెనక ఆ కేంద్రం చలవ ఎంతో ఉంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారిలాంటివాళ్ళు తాము వేసుకుంటూ కూర్చోకుండా మరో తరానికి నేర్పారు. ఆ నేర్పే పద్ధతిని చూస్తే నాకు గౌరవం. గుడ్డ ఉతకడం, కరక్కాయ దంచడం, కలానికి ఉన్ని చుట్టడం, పారే నీళ్ళలో రంగు వదిలించడం అన్నీ చేసినవాడికే బొమ్మ వస్తుంది. పటిక పూసినప్పుడు రంగేమీ కనబడదు. ఎర్ర రంగు కాగులో ఉడికినప్పుడే పటిక తగిలిన చోటు ఎర్రబడుతుంది. ఇప్పుడు చేసిన పని ఫలితం రెండో రోజు కనబడుతుందని ఓపిక పట్టడం కూడా ఆ చదువులో భాగమే. వెబ్ పనికీ నాకు అలాంటి చదువే కావాలి.

మర్నాడు లాడ్జి గుమాస్తా వంతు. కంప్యూటర్ మూసేయమని చెప్పి, ఫోన్లో జనం ఏమడుగుతారో కాగితం మీద రాయమన్నాను. ఆయన కలం ఆపకుండా రాశాడు. తిరుపతి నుంచి బస్సు ఎంతసేపు? గుడి ఎంత దూరం? రాహుకేతు పూజ చేయించుకుని మధ్యాహ్నానికి గది ఖాళీ చేస్తే సగం రోజు అద్దె తీసుకుంటారా? పెద్దవాళ్ళున్నారు, కింది అంతస్తులో గది ఇస్తారా? వేడినీళ్ళు తెల్లవారి ఎన్నింటికి వస్తాయి? పదమూడు ప్రశ్నలు అయ్యాయి. అప్పుడు వాళ్ళ లాడ్జి సైటు తెరిచాం. అందులో వీటిలో ఒక్కదానికీ జవాబు లేదు. ‘అత్యుత్తమ సౌకర్యాలు’ అని ఉంది. చిరునామాలో చిత్తూరు జిల్లా అని ఉంది; 2022 ఏప్రిల్ 4 నుంచి ఈ ఊరు తిరుపతి జిల్లాలో ఉంది. గోపురం ఫోటో చూసి ఆయనే అన్నాడు: “ఇది పడిపోయిన గోపురం సార్.” 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఆ రాజగోపురం 2010 మేలో కూలింది. అదే చోట కట్టిన కొత్తదానికి 2017లో కుంభాభిషేకం జరిగింది. రోజూ దాని ముందు నుంచే డ్యూటీకి వచ్చే మనిషిని ఆ పేజీ గురించి ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. సైటు చేసినవాళ్ళకు కోడ్ తెలుసు. ఆయనకు ఊరు తెలుసు, వచ్చేవాళ్ళ అవసరం తెలుసు.

1990లో టిమ్ బెర్నర్స్-లీ రాసిన మొట్టమొదటి బ్రౌజర్ చూడటానికే కాదు, పేజీలు రాయడానికీ పనికొచ్చేది. చదివేవాడే రాసేవాడు కావాలన్నది ఆయన ఆలోచన. తర్వాతి బ్రౌజర్లలో ఆ రాసే భాగం పక్కకుపోయి, పేజీ చేయడం నిపుణుల పనైపోయింది. 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ లాంటివి దాన్ని మళ్ళీ గుమాస్తా బల్ల దాకా తెచ్చాయి; ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి. బల్ల దాకా వచ్చింది, నిజమే. చేతిలోకి రావాలంటే మాత్రం పక్కన ఒక మనిషి కూర్చోవాలి.

తెలుగు దగ్గర ఎప్పుడూ ఒక పూట ఆగిపోతాను. సంఘం వాళ్ళ దగ్గర డీటీపీ షాపులో కొట్టించిన చక్కని వివరాల ఫైలు ఉంది. కాపీ చేసి సైటులో పెడితే ఇంగ్లిషు అక్షరాల గజిబిజి వచ్చింది. అమ్మాయి మళ్ళీ బెదిరింది, వైరస్ అనుకుంది. అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో ఇంగ్లిషు అక్షరాల గళ్ళలోనే తెలుగు ఆకారాలు కూర్చోబెడతారు. ఆ ఫాంటు లేని చోట అసలు గళ్ళు బయటపడతాయి. యూనికోడ్‌లో 1991 నుంచే తెలుగుకు 128 గళ్ళ సొంత చోటు ఉంది. ఇంటికి సొంత నంబరు ఉండటం లాంటిది: ఏ ఫోనులో తెరిచినా, ఏ వెతుకులాటలో అడిగినా దొరుకుతుంది. ఫైలునంతా మార్చుకున్నాం. ఏళ్ళ తరబడి ఒక కీబోర్డు వరుసకు అలవాటుపడ్డ వేళ్ళను కొత్తది నేర్చుకోమని తొందరపెట్టడం నాకిష్టం ఉండదు. పాత వరుసతోనే యూనికోడ్ కొట్టే ఉపకరణాలు ఉన్నాయి, వాటితో మొదలుపెడితే పని ఆగదు. శీర్షికకు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే ‘ధూర్జటి’ పెట్టాం. కాళహస్తీశ్వరుడి మీద శతకం చెప్పిన కవి పేరుతో, సిలికానాంధ్ర చలవతో వచ్చిన ఫాంటు అది. పేరు చెప్పగానే పెద్దావిడ తెర దగ్గరికి జరిగి కూర్చుంది.

ఫోటోల పని కుర్రాడికి ఇచ్చాను. అతను ఫోనుతో తీసిన ఫోటో ఒక్కొక్కటి 4000 పిక్సెళ్ళ వెడల్పు, 5 ఎంబీ బరువు. పేజీలో 12 పెట్టాడు. “ఫోటోకు కూడా తూకం ఉంటాదా సార్?” అన్నాడు. రోజూ కొరియర్ కాటా మీద గ్రాములు చూసే మనిషికి అంతకంటే వేరే వివరణ అక్కర్లేదు. 60 ఎంబీ మోయాల్సింది బస్సులో సిగ్నల్ కోసం ఫోను పైకెత్తి చూస్తున్న కొనుగోలుదారు. స్క్వూష్ అనే ఉచిత సాధనంలో 1200 పిక్సెళ్ళకు కుదించి, ఒక్కోటి 200 కేబీ దగ్గరికి తెచ్చాడు. ఆ తర్వాత నేను చెప్పకుండానే ప్రతి ఫోటో బరువు పుస్తకంలో రాసుకున్నాడు.

పాస్‌వర్డ్ సంగతి రెండు మాటల్లో చెప్తాను, ఎందుకంటే ఇందులో ఎక్కడికెళ్ళినా ఒకటే కథ. సైటు చేసిన అబ్బాయి బెంగళూరు వెళ్ళిపోతాడు, డొమైన్ రెన్యూవల్ కబురు అతని ఈమెయిల్‌కే పోతుంది. మా ముందు ఉన్న సైటుకు గడువు ఇంకా 20 రోజులే ఉంది. ముందు దాన్ని సంఘం పేరు మీదకు మార్పించాం. తర్వాత ఎవరికి వాళ్ళకు వేరే లాగిన్ ఇచ్చాం. అమ్మాయికి ఎడిటర్, కుర్రాడికి ఆథర్. తన పేరుతో ఒక తలుపు తెరుచుకున్నప్పుడు మనిషి కూర్చునే తీరు మారడం నేను చాలాసార్లు చూశాను.

చివరి రోజు ఫోటోలకు ఆల్ట్ టెక్స్ట్ రాయడం మిగిలింది. బొమ్మ కనబడనివాళ్ళకు బొమ్మలో ఏముందో చెప్పే వాక్యం అది. చూపు లేనివాళ్ళ కంప్యూటర్‌లో స్క్రీన్ రీడర్ దాన్ని బయటికి చదువుతుంది. అమ్మాయి ఒక బొమ్మకు ‘కలంకారీ వాల్ హ్యాంగింగ్’ అని కొట్టింది. నేను ఎన్‌వీడీఏ పెట్టాను. చూపు లేని ఒక ఆస్ట్రేలియా యువకుడు 2006లో మొదలుపెట్టిన ఉచిత స్క్రీన్ రీడర్ అది, తెలుగు చదువుతుంది. తెర ఆపేసి, కళ్ళు మూసుకుని వినమన్నాను. ‘కలంకారీ వాల్ హ్యాంగింగ్’ అంది. తర్వాతి బొమ్మకూ అదే. ఆ తర్వాతి దానికీ అదే.

పెద్దావిడ కళ్ళు తెరవకుండానే అడిగింది, “నా బొమ్మ యాడుంది?”

ఆమె బొమ్మ కన్నప్ప. ఊరి కొండ మీద గుడి ఉన్న తిన్నడే. ఏముందో చెప్పమ్మా అన్నాను. ఆమె చెప్తుంటే అమ్మాయి కొట్టింది: లింగం కంట్లోంచి రక్తం కారతా ఉంది, తిన్నడు బాణంతో తన కన్ను తీసి పెడతా ఉన్నాడు. మళ్ళీ వినిపించాను. యంత్రం గొంతు బిరుసుగా, ఒక్కో అక్షరం విడదీసి చదివింది. గదిలో ఎవరూ కదల్లేదు.

“కాలు చెప్పలేదే,” అంది పెద్దావిడ. “రెండో కన్ను కూడా తీస్తే వాడికి కనబడదు గదా. యాడ పెట్టాలో గుర్తుకోసరం స్వామి కంటి మీద కాలు ఆనించి ఉంటాడు. ఆ కాలు వేసేదానికే నాకు రెండు రోజులు పట్టింది. అది లేకపోతే కత యాడిది?”

“నువ్వే కొట్టు అవ్వా,” అని అమ్మాయి లేచి, కుర్చీ ఆమెకు ఇచ్చింది.