అంకె పక్కన తారీఖు

బరంపురంలో కొట్టు నడిపేవాళ్లకు ఏడాది లెక్క ఏడాదిలో తేలదు, రెండేళ్లు పడుతుంది. బుధి ఠాకురాణి యాత్ర రెండేళ్లకొకమారు వస్తుంది కదా. అమ్మవారు దేశిబెహెరా వీధిలో పుట్టింటికి దిగి దాదాపు నెల్లాళ్లు ఉంటుంది. ఆ నెల్లాళ్లూ ఊరంతా పులివేషాలు, మొక్కుబడి వేషాలు, రాత్రంతా దీపాలు, ప్రతి ఇంటికీ చుట్టాలు. చుట్టాలొచ్చిన ఇంట్లో అప్పడం వేగకుండా భోజనం ముగియదు. మాలాంటి అప్పడాల, ఊరగాయల వాళ్లకి అదే పెద్ద గిరాకీ. 2025లో యాత్ర అయింది, మళ్లీ 2027లో. మధ్యలో వచ్చే ఏప్రిల్ అమ్మకాన్ని 2025 ఏప్రిల్ పక్కన పెడితే వ్యాపారం మునిగిపోయినట్టు కనబడుతుంది. 2024 పక్కన పెడితే పెరిగినట్టు కనబడుతుంది. రెండూ ఒకే పుస్తకంలోని అంకెలు.

చిన్న వ్యాపారులకు లెక్కలు నేర్పే తరగతి ఒకదానిలో నేనూ కూర్చున్నాను. నిరుటి ఖర్చుకి పది శాతం కలిపి ఈ ఏటి బడ్జెట్ రాయమన్నారు. యాత్ర సంగతి అడిగితే పాఠం చెప్పే అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. అతని తప్పేమీ లేదు, అతనిది వేరే ఊరు.

నాకు నిజంగా బడ్జెట్ నేర్పింది పెద్ద బజారులో పప్పుల కొట్టు ఆయన. చిట్టా, ఆవర్జా చేత్తోనే రాస్తారు. రోజు ఖర్చంతా చిట్టాలో, మనిషికొక పేజీ చొప్పున ఆవర్జాలో. ఒకసారి నా పుస్తకం తిప్పి చూసి, "అంకెలు బాగానే ఉన్నాయి తల్లీ, తారీఖులేవీ?" అన్నారు. నాకు అర్థం కాలేదు. "ఈ డబ్బు నీకెప్పుడొస్తాది? నాకెప్పుడిస్తావు? మధ్యలో ఎన్ని రోజులున్నాయి? ఆ రోజులన్నీ ఏటి తింటావు?" అని నాలుగు ప్రశ్నలు వేశారు. ఆ నాలుగింటికీ జవాబు రాస్తే చాలు, బడ్జెట్ అయిపోయినట్టే. ఎంత అన్నది చివర చూసుకోవచ్చు, ముందు ఎప్పుడు అన్నది తేలాలి. అప్పటినుంచి నా లెక్కలు గోడ మీది క్యాలెండరు పక్కనే నడుస్తున్నాయి.

అసలు కొత్త లెక్క ఏ రోజున మొదలెట్టాలన్నది కూడా మా ఊళ్లో తగువే. తెలుగువాళ్లకి ఉగాది, ఒడియావాళ్లకి పణా సంక్రాంతి, మార్వాడీలకి దీపావళి, ప్రభుత్వానికి ఏప్రిల్ 1. ఆ ఏప్రిల్ 1నే, 1936లో, మా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోంచి విడిపోయి ఒడిశాలో చేరింది. అంచేత మాకు ఆర్థిక సంవత్సరం ఉత్కళ దివస్ సెలవుతో మొదలవుతుంది. బద్ధకస్తులకు ఇంతకన్నా మంచి ముహూర్తం లేదు.

ఇక లెక్క. అంకెలు గుండ్రంగా పెడుతున్నాను, ధరలు వారానికోలా ఉంటాయి. కిలో అప్పడాలకి మినపపిండి 130 రూపాయలు, కారం జీలకర్ర ఇంగువ నూనె 18, ఒత్తే కూలి 42, కవరూ లేబులూ 9, ఆటో 5. ఇంకోటి ఉంది, చాలామంది రాయనిది: విరిగిపోయిన ముక్కలు. వాటికి 6. మొత్తం 210. కొట్టుకి 250కి వేస్తాం. కిలోకి మిగిలేది 40.

ఆ 40 లాభం కాదు. అప్పడం ఒక్కటి ఒత్తకపోయినా కట్టవలసినవి ఉంటాయి: అద్దె 6,000, కరెంటు 1,500, పద్దులు చూసే ఆయనకి 1,500, ఫోను, చిల్లర ఖర్చులు 1,000, పాత అప్పు కిస్తీ 4,000. నెలకి 14,000. కిలోకి 40 చొప్పున 350 కిలోలు అమ్మితే గట్టెక్కుతాం. ఇంటి దగ్గర వ్యాపారం చేసే ఆడవాళ్లు, ముఖ్యంగా మా వీధుల్లో, ఇక్కడితో ఆగిపోయి లాభం వచ్చిందని సంబరపడతారు. తెల్లవారి నాలుగింటికి లేచి పిండి దంచిన మనిషి జీతం ఈ లెక్కలో ఎక్కడుంది? నెలకి 12,000 రాయండి. బయటివాళ్లని పెట్టుకుంటే అంతకు తక్కువకి రారు. ఇప్పుడు 26,000. అమ్మవలసింది 650 కిలోలు. తన జీతం రాసుకోని వ్యాపారం మొగుడి జీతం మీదో, పిల్లల ఫీజుల మీదో నడుస్తున్నట్టు. ఈ మాట అంటే మా పిన్నికి కోపం వస్తుంది. "ఇంటి పని చేసుకుంటే జీతమేమిటే?" అంటుంది. ఆవిడ చేతి అప్పడం నా అప్పడం కన్నా పల్చన, అది వేరే సంగతి.

జీతం రాసుకున్నాక అది వేరే ఖాతాలోకి పోవాలి. కొట్టులో అంటించిన క్యూఆర్ బొమ్మకి వచ్చే డబ్బూ, గ్యాసు బండకి పోయే డబ్బూ ఒకే ఖాతాలో ఉంటే నెలాఖరుకి ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలియదు. పూర్వం కొట్టు గల్లా కొట్టులోనే ఉండేది, ఇల్లు ఇంట్లో ఉండేది. ఫోను వచ్చి రెండింటికీ మధ్య గోడ తీసేసింది.

ఇప్పుడు క్యాలెండరు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మాకు ఎండని నమ్ముకోలేం. ఎండ లేకపోతే అప్పడం లేదు. నాలుగు నెలల అద్దె మాత్రం ఆగదు. పన్నెండు నెలల అమ్మకానికి 7,800 కిలోలు కావాలి, వాటిని ఎనిమిది నెలల్లోనే తయారుచేయాలి. అంటే నెలకి 650 కాదు, 975. వానాకాలం అమ్మడానికి 2,600 కిలోలు దాచాలి. కిలోకి 210 చొప్పున ఆ గదిలో ఐదు లక్షల నలభై ఆరు వేలు పడుకుని ఉంటాయి. అన్నాళ్లు దాస్తే పురుగు, మెత్తబడటం సరేసరి. అంత డబ్బు మాలాంటివాళ్ల దగ్గర ఉండదు కాబట్టి వానాకాలం అమ్మకం తగ్గించుకుంటాం, కూలికి వచ్చేవాళ్లు ఇంకో పని చూసుకుంటారు, అక్టోబరులో మళ్లీ వాళ్లని బతిమాలుకుంటాం.

బొంబాయి గిర్గాంలో 1959 మార్చి 15న ఏడుగురు ఆడవాళ్లు 80 రూపాయలు అప్పు తెచ్చి మేడ మీద అప్పడాలు మొదలెట్టారు. ఇవాళ దేశమంతా తెలిసిన లిజ్జత్ అదే. మొదటి ఏడాది వానలకి వాళ్లూ నాలుగు నెలలు పని ఆపేశారు. మరుసటి ఏడు ఒక మంచం, ఒక పొయ్యి కొన్నారు. మంచం మీద అప్పడాలు, కింద పొయ్యి. వాళ్లకి అప్పిచ్చి దారి చూపిన ఛగన్‌బాపా మొదటినుంచీ పట్టుబట్టింది లెక్కలు సరిగా రాయడం మీద. నాసిరకం ఒకటి, మంచిరకం ఒకటి చేసి రెండు ధరలకి అమ్ముదామనుకుంటే అదీ వద్దన్నారు, ఒకటే రకం చేయమన్నారు. చిన్న వ్యాపారాల గురించి ఎవరైనా నన్ను అడిగితే ఆ 80 రూపాయల కథ చెప్పను, మంచం కథ చెబుతాను. ఖాళీ నెలలకి డబ్బు పెట్టాలని మొదటి ఏడాదికే తెలుసుకున్నారు వాళ్లు.

మాకు ఆనుకునే ఇంకో వ్యాపారం ఉంది, దాని క్యాలెండరు పూర్తిగా తిరగబడి ఉంటుంది. ఛత్రపురం, రంగేయిలుండ వైపు మొగలిపూల అత్తరు బట్టీలు. మేము కొట్టు ముయ్యగానే వాళ్లు పొయ్యి వెలిగిస్తారు. మొగలిపువ్వు ఎక్కువగా వానాకాలంలోనే పూస్తుంది. కోసిన పువ్వు తాజాగా ఉండగానే బట్టీకెక్కాలి, పువ్వు తెచ్చినవాడికి డబ్బు అప్పుడే లెక్కపెట్టాలి. అత్తరు మాత్రం ఎక్కడో కనౌజ్‌కి పోయి, డబ్బు తీరిగ్గా వస్తుంది. రోజూ చేతిలోంచి పోయేదీ, నెలల తరవాత వచ్చేదీ. పప్పుల కొట్టు ఆయన మూడో ప్రశ్న అక్కడ ఎంత పెద్దదో చూడండి.

ఆ ప్రశ్న మాకూ ఉంది. 650 కిలోలంటే నెలకి 1,62,500 రూపాయల అమ్మకం. కొట్లవాళ్లు సగటున నెలన్నరకి ఇస్తే బయట తిరుగుతున్న మన సొమ్ము రెండు లక్షల నలభై వేల పైచిలుకు. పుస్తకంలో లాభం ఉంటుంది, సోమవారం పిండికి డబ్బుండదు. వ్యాపారాలు ఎక్కువగా చచ్చేది ఇలాగే. సూక్ష్మ, చిన్న పరిశ్రమల సరుకుకి ఎంత గడువు రాసుకున్నా 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 చట్టం చెబుతోంది. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుని ఆ నంబరు బిల్లు మీద వేస్తే పెద్ద కొట్లవాళ్లు కాస్త త్వరపడతారు. వీధి చివరి కిరాణా ఆయనకి చట్టం చూపిస్తే రేపటినుంచి పక్కవాడి అప్పడం పెడతాడు. అతనికి నేను చట్టం చూపించను, నగదుకి కిలో మీద మూడు రూపాయలు తగ్గిస్తాను. ఆ మూడు రూపాయలు కూడా బడ్జెట్‌లో ఒక పద్దే.

అక్టోబరుకి వేరే పద్దు. 1999 అక్టోబరు 17న తుఫాను, 2013 అక్టోబరు 12న గోపాలపూర్ దగ్గర ఫైలిన్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి మా మీదకీ వచ్చిన తిత్లీ. ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదాన్ని అనుకోని ఖర్చు అనడం నాకు నచ్చదు. నెలన్నర ఖర్చు, అంటే 39,000, తుఫాను పేరున పక్కన పెడతాను. ఏ సంవత్సరమైనా రాకపోతే అది మరుసటి ఏప్రిల్‌లో మామిడికాయలకి పనికొస్తుంది. ఆవకాయకి కాయ, కారం, ఆవపిండి, నూనె అన్నీ నగదు మీద కొన్ని వారాల్లోనే కొనాలి, అమ్మకం ఏడాదంతా సాగుతుంది. సరుకుకి బీమా ఉంటే ఇంకా మంచిది. చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ తుఫానూ వరదా రెండింటినీ చూస్తుంది. తీసుకునే ముందు గదిలోని సరుకు విలువ నిజంగా రాయాలి. ప్రీమియం తగ్గుతుందని బాగా తగ్గించి రాస్తే క్లెయిమ్ కూడా తగ్గుతుంది.

ఈ ఏడు నా ముందున్నది ఆరబెట్టే యంత్రం. ముద్ర పథకంలో కిశోర్ రుణం కింద లక్షా ఎనభై వేలు మూడేళ్లకి తీసుకుంటే కిస్తీ ఆరువేలకి కాస్త తక్కువ. వానాకాలం ఆగదు, కూలీలు పోరు, సరుకు దాచక్కర్లేదు. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి? రాసి చూశాను. నెల ఖర్చు 32,000 అయింది. వాన నెలల్లో కరెంటుకి కిలోకి 6 పోతే మిగిలేది 34. గట్టెక్కాలంటే ఏడాదికి 7,800 కిలోలు చాలవు, పదివేల నూరు కావాలి. యంత్రం ఆ 2,300 కిలోలు ఎండబెడుతుంది, కొనదు. యాత్ర ఏడాదయితే కళ్లు మూసుకుని సంతకం పెట్టేదాన్ని. కాదు కాబట్టి గిరాకీ ఇంకోచోట వెతుకుతున్నాను. 2025 సెప్టెంబరులో బరంపురం నుంచి సూరత్ పక్కన ఉధ్నాకి కొత్త అమృత్ భారత్ రైలు వేశారు. సూరత్ మగ్గాల్లో గంజాం మనుషులు ఎంతమందో మాకందరికీ తెలుసు, వాళ్ల సంచుల్లో అప్పడాలు వెళ్తూనే ఉంటాయి. స్టేషన్ దారిలోని కొట్లని అడుగుతున్నాను. నెలకి ఎన్ని కిలోలు, ఏ తారీఖుకి డబ్బు అని రెండు గళ్లు గీసి పేర్లు రాస్తున్నాను. సగం దాకా వచ్చాయి. మిగతా సగం నిండేదాకా బ్యాంకు కాగితాలు బీరువాలోనే ఉంటాయి.