ముసుగున్న పిల్లాడు, ముసుగులేని పిల్లాడు

ఎగువ అహోబిలం కొండల్లో ప్రహ్లాద బడి అని ఒక గుహ చూపిస్తారు. పైనుంచి నీళ్లు కారుతుంటాయి. బండమీది గీతలు చూపించి, పిల్లాడు దిద్దిన అక్షరాలు అంటారు. ఆ బడిపిల్లాడి పక్కన స్పైడర్‌మ్యాన్ కామిక్‌లోని న్యూయార్క్ బడిపిల్లాడు పీటర్ పార్కర్‌ను నిలబెట్టి చూడాలి. మామూలు కుర్రాడికి అండగా అంతులేని బలం వస్తే, దాన్ని ఎక్కడ ఉంచాలన్న దగ్గర రెండు కథలూ విడిపోతాయి.

1962లో ‘అమేజింగ్ ఫాంటసీ’ 15వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో పీటర్ పుట్టుకను 11 పేజీల్లో చెప్పేశారు. రేడియోధార్మిక సాలీడు కుట్టింది, గోడలెక్కే శక్తి ఒంట్లోకి దిగింది. దాంతోపాటు వివేకం రాలేదు. ముందు కుస్తీ పందెంలో డబ్బు, ఆపైన టీవీలో పేరు. పక్కనుంచే పారిపోతున్న దొంగను ‘నాకెందుకులే’ అని వదిలేశాడు. పెంచిన పెదనాన్నను చంపింది ఆ దొంగేనని, పట్టుకున్నాక ముఖం చూసి గుర్తుపట్టాడు. ధర్మం అతనికి బలం వచ్చాక, అదీ చావు చూశాక తెలిసింది.

పోతన భాగవతం సప్తమ స్కంధంలో వరస తిరగబడుతుంది. ప్రహ్లాదుడికి హరిమీద నమ్మకం ముందే ఉంది. బలం చివర్లో, అదీ స్తంభంలోంచి నరసింహుడి రూపంలో వస్తుంది. తండ్రి హిరణ్యకశిపుడు ఏనుగులతో తొక్కించినా, విషం పెట్టినా అతను ఎదురుదెబ్బ తీయడు. చండామార్కుల బడిలో గురువులు లేని వేళ తోటిపిల్లలకు చెప్పిన మాటనే నిండు సభలో తండ్రికీ చెబుతాడు. పీటర్‌కు ముప్పు వీధిలో, ఆసరా ఇంట్లో. ఇంట్లోవాళ్లకు తెలియకుండా ముసుగు. ప్రహ్లాదుడికి ముప్పే తండ్రి. అక్కడ ముసుగుకు చోటే లేదు.

ధైర్యం లెక్కన చూస్తే ప్రహ్లాదుడిదే పైచేయి. ఎదుగుదల లెక్కన మాత్రం పీటర్‌దే. తప్పుచేసి మారిన కుర్రాడు పాఠకుడికి తొందరగా దగ్గరవుతాడు. మొదటినుంచీ నిండుగా ఉన్న ప్రహ్లాదుడికి మారే అవసరం కనిపించదు. అయినా హిరణ్యకశిపుడి సంహారం తర్వాత తండ్రిని పవిత్రుణ్ని చేయమని స్వామిని వేడుకున్నప్పుడు, గెలిచినవాడిలో కొడుకు బయటపడతాడు. ఆ ఒక్క ఘట్టంలో పోతన కథ కామిక్‌ను దాటిపోతుంది.

ఎదుగుదల లోటును అహోబిలం స్థలపురాణం తనదైన తీరులో పూడ్చింది. ఈ క్షేత్రంలోని నవనారసింహుల్లో యోగానందుడు ఒకడు. సంహారం అయ్యాక ప్రహ్లాదుడికి ఆయన యోగం నేర్పాడని చెబుతారు. అంటే స్తంభం చీలినంత మాత్రాన చదువు పూర్తికాలేదు.

కామిక్ కుర్రాడికి పాఠం చెప్పింది అపరాధభావం. కొండమీది కుర్రాడికి చెప్పింది గురువు. బలం దొరికిన పిల్లలకు ఈ రెండో పాఠమే ఎక్కువ మేలు చేస్తుంది. ఆ పాఠం నేర్పేది ఇంట్లో మనిషి చావు కాదు.