గేటు పైపుతో కారు చట్రం

మా ఎ.కొండూరు చుట్టుపక్కల ఏ వెల్డింగ్ షాపుకెళ్లినా ట్రాక్టర్ ట్రక్కు చట్రం కనబడుతుంది. పొడుగాటి సి చానెళ్లు రెండు, మధ్యలో అడ్డంగా నాలుగైదు ముక్కలు. అచ్చం నిచ్చెన. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ కట్టించుకునే లారీల కింద ఉండేదీ అదే. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు సొంతంగా కట్టుకుంటానంటే మా మేస్త్రి కూడా అదే చెప్పాడు. "చానెల్ వేసేద్దాం సార్, ఏనుగెక్కినా వంగదు."

వంగదు, నిజమే. కానీ మెలి తిరుగుతుంది.

నులక మంచాన్ని ఎగుడుదిగుడు నేల మీద వేసి కూర్చోండి. పట్టెలు కాస్త మెలి తిరిగి నాలుగు కోళ్లూ నేలకు ఆనతాయి. లారీకి ఆ గుణం మేలే. వేగంగా మలుపు తిరగాల్సిన తేలికపాటి కారుకు మాత్రం చేటు. చక్రాన్ని నేలకు అదిమి ఉంచాల్సింది స్ప్రింగు. చట్రమే స్ప్రింగులా ఆడుతుంటే స్టీరింగ్ మాట చక్రాలు వినవు.

దీన్ని చేత్తోనే చూడొచ్చు. మూరెడు పీవీసీ పైపును రెండు చివర్లా పట్టుకుని తిప్పితే మెలి పడదు. హాక్సా బ్లేడుతో పొడుగునా ఒక్క గాటు కోసి మళ్లీ తిప్పండి. తడిగుడ్డ పిండినట్టు తిరుగుతుంది. ప్లాస్టిక్ ఎక్కడికీ పోలేదు, మూసుకుని ఉన్నది తెరుచుకుంది, అంతే. సి చానెల్ కూడా అలా తెరుచుకున్నదే.

చేత్తో కారు కట్టడం మనవాళ్లకు కొత్త కాదు. హైదరాబాద్‌లో సుధా కార్స్ మ్యూజియం నిండా అవే. జనం పైన ఆకారాలు చూసి ముచ్చటపడుతుంటే నేను వంగి కిందికి చూస్తూ నిలబడ్డాను. నాకు కావలసిన జవాబు మాత్రం ఇంగ్లండ్ నుంచి వచ్చింది. 1957లో కోలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్‌కు సన్నటి పైపుల పంజరమే చట్రం. 1996లో రాన్ చాంపియన్ అనే ఆయన, అలాంటి కారును ఇంట్లో ఎలా కట్టాలో పుస్తకమే రాశాడు. అందులో వాడింది అంగుళం స్క్వేర్ పైపు, 16 గేజి. మన ఇళ్లకు గేట్లూ గ్రిల్సూ చేసే పైపు! అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

పంజరానికి ప్రాణం ఏటవాలు పైపు. నాలుగు పట్టెలను మూలకో మేకుతో బిగించి తోస్తే ఒరుగుతాయి. మూల నుంచి మూలకు ఇంకో పట్టె కొడితే ఒరగవు. అయితే మనిషి కూర్చునే చోట, ఇంజిన్ దిగే చోట పైన పైపు అడ్డం పెట్టలేం. అక్కడే పంజరం బలహీనం. మారుతీ ఓమ్ని ఇంజిన్ ఎంచుకోవడం ఇక్కడ కలిసొచ్చింది. 796 సీసీ, కారు పొడుగు వెంట కూర్చుంటుంది, ప్రొపెల్లర్ షాఫ్టుతో వెనక చక్రాలను తిప్పుతుంది. ఆ షాఫ్టు వెళ్లే సొరంగాన్నే సీట్ల మధ్య పెట్టెలా మూసి, అడుగున రేకు పరిచి రివెట్లు కొడితే పోయిన బిగువు చాలావరకు తిరిగొస్తుంది.

మొదటి చట్రంలో ఒక పక్క అతుకులన్నీ ఒకేసారి నిండుగా వేశాం. చల్లారాక టేపు పెడితే ఎదురెదురు మూలల కొలతల్లో ఏడు మిల్లీమీటర్లు తేడా. కోసేశాం. రెండోసారి అంతా చుక్కలుగా అంటించి, కొలిచి, ఒక మూల కాస్త, దాని ఎదురు మూల కాస్త సీఓటూ వెల్డింగ్‌తో నింపాం.

నమూనా పరీక్షలు, ఆమోదం లేనిదే రిజిస్ట్రేషన్ ఇవ్వరు కాబట్టి ఇది మామిడితోట బాట మీదే తిరుగుతుంది. "గతుకుల బాటకు చానెలే మేలు కదా" అని మేస్త్రి మళ్లీ అన్నాడు. గతుకు మింగాల్సింది స్ప్రింగే అన్నాను.

మొన్న ఆదివారం చట్రాన్ని నాలుగు ఇటుకల మీద పెట్టి, ముందు ఎడమ మూల కింద జాకీ తిప్పాం. రెండు చుట్లకే, ఎవరూ ముట్టని కుడి మూల కూడా ఇటుక వదిలి లేచింది. మేస్త్రి వంగి, ఆ సందులో వేలు పెట్టి చూశాడు.