గీత నున్నగా ఉంటే అనుమానించాలి

బండి ఆత్మకూరు వైపు నుంచి ఈఈజీ పరీక్షకు వచ్చేవాళ్లకు ముందురోజే ఫోన్లో చెప్తాం: తలస్నానం చేయించండి, నూనె మాత్రం పెట్టొద్దు. సగం మంది వింటారు. మిగతా సగం మంది నంద్యాలకు పోతున్నాం, పెద్దాసుపత్రి, నలుగురూ చూస్తారని పిల్లోడికి దండిగా నూనె పెట్టి, పాపిడి తీసి, నున్నగా దువ్వి తీసుకొస్తారు. వాళ్లను ఏమంటాం? తల దువ్వకుండా బిడ్డను ఊరికి తీసుకుపోయే తల్లి మన సీమలో ఉందా? కానీ మా ఫిల్టర్ల తంటా మొదలయ్యేది ఆ నూనె దగ్గరే.

మెదడు నుంచి నెత్తి మీదికి వచ్చేసరికి మిగిలే కరెంటు 10 నుంచి 100 మైక్రోవోల్టులు. మైక్రోవోల్టు అంటే వోల్టులో పదిలక్షల వంతు. పక్క గోడలో పోయే తీగలో 230 వోల్టులు, సెకనుకు 50 సార్లు ఊగుతూ ఉంటాయి. నూనె ఉన్నచోట ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోదు, నిరోధం పెరుగుతుంది. రెండు ఎలక్ట్రోడ్ల దగ్గరా నిరోధం సమానంగా ఉంటే రెంటిలోకీ దూరిన గోడ కరెంటు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువైతే మిగిలిపోతుంది. తెర మీద సన్నగా ఉండాల్సిన గీత లావెక్కి నల్లటి పట్టీ అవుతుంది.

అప్పుడు చెయ్యి దానంతటదే నాచ్ బటన్ మీదికి పోతుంది. నొక్కితే సెకనుకు 50 సార్లు ఊగే ఆ అల, అంటే 50 హెర్ట్జ్, మాయం. చాలాచోట్ల మిషన్ ఆన్ చేసినప్పటి నుంచి అది ఆన్‌లోనే ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. నాకది నచ్చదు. అమెరికన్ క్లినికల్ న్యూరోఫిజియాలజీ సొసైటీ మార్గదర్శకాల్లో కూడా నాచ్ వాడకం మిగతా ప్రయత్నాలన్నీ అయ్యాకే. కారణం ఉంది. ఫిట్స్ రోగిలో మేం వెతికే స్పైక్ వయసు 20 నుంచి 70 మిల్లీసెకన్లు. అంత వాడి మొన ఏర్పడాలంటే అందులో ఎన్నో ఫ్రీక్వెన్సీలు కలవాలి, 50 చుట్టుపక్కలవి కూడా. నాచ్ వేస్తే మొన కొంత మొద్దుబారుతుంది. నాచ్ మరీ ఇరుకైనదైతే ఆ స్పైక్ అయిపోయాక కూడా గీత కాసేపు సన్నగా ఊగుతూనే ఉంటుంది. అందుకే ముందు నెత్తి మీద జెల్ వేసి రుద్దడం, పేస్ట్ మళ్లీ పెట్టడం, ఆ నిరోధం (ఇంపీడెన్స్) 5 కిలోఓమ్‌ల లోపుకు దించడం, ఎర్త్ చూసుకోవడం, మంచం పక్కన చార్జింగ్ పెట్టిన సెల్‌ఫోన్ తీయించడం. బటన్ సంగతి ఆ తర్వాత.

కేసీ కాలువ కింద వరి పండించినవాళ్లకు ఇది చెప్పడం సులువు. తూర్పారబట్టేటప్పుడు గాలికి తెలిసింది బరువొక్కటే. గట్టి గింజ కాళ్ల దగ్గర పడుతుంది, పొట్టు ఎగిరిపోతుంది, సగం పాలు పోసుకున్న గింజ కూడా పొట్టుతోపాటే పోతుంది. ఫిల్టర్‌కు తెలిసింది ఫ్రీక్వెన్సీ ఒక్కటే. ఆ అల మెదడుదా, దవడదా, ఫ్యానుదా అని అది అడగదు.

ఎండాకాలం ఇంకో రకం. మన నంద్యాల ఎండలు తెలిసినవే. చెమట పట్టిన నెత్తి మీద గీత సెకనుకు ఒకసారి కూడా ఊగదు, తీరిగ్గా పైకి పోయి కిందికి దిగుతుంది. కింది కట్, అంటే దానికంటే నెమ్మదిగా ఊగే అలలను ఆపే హద్దు, 0.5 దగ్గర పెడతాం, తప్పకపోతే 1 హెర్ట్జ్. ఇంకా పెంచితే గీత తిన్నగా నిలబడే మాట నిజమే. కానీ 4 హెర్ట్జ్ లోపలుండే డెల్టా అలలు కూడా దాంతోపాటే పోతాయి. మెదడులో గడ్డ ఉన్నప్పుడో, పక్షవాతం వచ్చినప్పుడో ఒకవైపు కనబడేవి అవే. తువ్వాలుతో తుడిచి, ఏసీ వేసి, పది నిమిషాలు ఆగడమే మేలు.

పై కట్, అంటే దానికంటే వేగంగా ఊగే అలలను ఆపే హద్దు, మామూలుగా 70 హెర్ట్జ్. దాన్ని 15కు దించడమంత ప్రమాదం ఇంకోటి లేదని నా అభిప్రాయం. భయపడి దవడ బిగించిన మనిషి కండరాల అలలు గజిబిజిగా, దట్టంగా ఉంటాయి. చూడగానే ఇది కండరమని పోల్చుకోవచ్చు. 15 దగ్గర కోసేస్తే ఆ గజిబిజి పోయి, మిగిలింది చక్కగా గుండ్రబడి, అచ్చం మెదడు నుంచి వచ్చిన బీటా అలలా కూర్చుంటుంది. ఒక్కోసారి స్పైక్ లాగా కూడా. మురికి గీత మనల్ని మోసం చేయదు, మురికిగానే కనబడుతుంది. కడిగిన గీతే మోసం చేస్తుంది.

హాన్స్ బెర్గర్ జర్మనీలో 1924లో మనిషి మెదడు అలలు మొదటిసారి పట్టాడు. 1929లో అచ్చు వేస్తే చాలామంది నమ్మలేదు, మెదడుది కాని వేరే ఏదో ఆర్టిఫాక్ట్ అయి ఉంటుందనుకున్నారు. 1934లో కేంబ్రిడ్జిలో ఏడ్రియన్, మాథ్యూస్ మళ్లీ చేసి చూపించాక గానీ ఒప్పుకోలేదు. ఆ అనుమానం మంచిదే. ఈఈజీ గదిలో అది ఇప్పటికీ కావాలి.

అన్ని కేసులూ ఇంత సతాయించవు. "బళ్లో అయ్యవారు పిలిస్తే పలకడంట సార్, గోడ పక్కే సూస్తా ఉంటాడంట" అని తల్లులు తీసుకొచ్చే పిల్లలుంటారు. చేతికి కాగితం గాలిమర ఇచ్చి మూడు నిమిషాలు ఊదమంటాం. ఊదుతూ ఊదుతూ ఉన్నట్టుండి ఆపేస్తాడు. కళ్లు నిలబడిపోతాయి, గాలిమర తిరిగి తిరిగి ఆగుతుంది. తెర నిండా సెకనుకు మూడు చొప్పున స్పైక్, వెనకే పెద్ద అల. పది సెకన్లకు ఏమీ జరగనట్టు మళ్లీ ఊదుతాడు. ఇంత పెద్ద అలను ఏ మామూలు ఫిల్టరూ దాచలేదు. "సూస్తివా సార్, ఇదే" అంటుంది తల్లి, తెర వైపు చూడకుండా పిల్లోడి వైపే చూస్తూ.

కాగితం మీద పెన్నులు గీసిన కాలంలో ఏ ఫిల్టర్‌తో గీస్తే అదే ఖాయం. ఇప్పుడు ముడి రికార్డు డిస్కులో ఉంటుంది, ఫిల్టర్ కళ్లద్దాల్లాగా పెట్టుకోవచ్చు, తీయొచ్చు. ఒక్క ఫిల్టర్‌కు మాత్రం ఈ వెసులుబాటు లేదు. సెకనుకు 256 సార్లు నమూనా తీసే మిషన్‌లో 200 హెర్ట్జ్ కండరం అల దూరితే అది 56 హెర్ట్జ్ వేషంలో రికార్డవుతుంది. ఆ తర్వాత దాన్ని విడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే నమూనా తీయకముందే, ఆ ఒక్క ఫిల్టర్‌తో, మిషన్‌లోనే దాన్ని ఆపాలి.

ఇక్కడి ఇంజనీరింగ్ పిల్లలు కొందరు ప్రాజెక్టుకని, శబ్దం వినబడ్డాక మెదడులో వచ్చే పీ300 అల మీద పని చేస్తూ వచ్చారు. ఫిల్టర్లలో ఎఫ్ఐఆర్ రకం వాడాలా, ఐఐఆర్ రకం వాడాలా అని వాళ్ల ప్రశ్న. ఐఐఆర్ రకం, అంటే 1930లో బటర్‌వర్త్ చెప్పినటువంటిది, లెక్క తక్కువ, చకచకా పోతుంది, కానీ ఒక్కో ఫ్రీక్వెన్సీని ఒక్కోలా ఆలస్యం చేసి ఆకారం వంకర చేస్తుంది. మామూలుగా వాడే ఎఫ్ఐఆర్ అన్నిటినీ సమానంగా ఆలస్యం చేస్తుంది, ఆ ఆలస్యాన్ని తర్వాత వెనక్కి జరుపుకోవచ్చు. కానీ 1 హెర్ట్జ్ వెడల్పులో పదునుగా కోయాలంటే, 256 నమూనాల వేగంలో, మామూలు హామింగ్ విండోతో అది మూడు సెకన్లకు పైగా పొడుగు ఉండాలి. వాళ్లు ముందుకీ వెనక్కీ రెండుసార్లు ఫిల్టర్ చేసి ఆలస్యం సున్నా చేశారు. బాగుంది. కింది కట్ మాత్రం 1 హెర్ట్జ్.

మెదడు సంగతి పక్కనపెట్టి, అర సెకను వెడల్పున్న ఒకే ఒక్క గుట్టను లాప్‌టాప్‌లో తయారుచేసి, అదే ఫిల్టర్‌లో పంపి చూడమన్నాను. అక్కడే కూర్చుని పంపారు. గుట్టకు ముందు ఒక గుంట, వెనక ఒక గుంట వచ్చాయి. శబ్దం వినబడకముందే మెదడు స్పందిస్తోందని వాళ్లు రిపోర్టులో రాసుకున్న అల ఆ ముందు గుంటే. కట్‌ను 0.1కు దించాక అది దాదాపు కనబడకుండా పోయింది. చెమట ఊపు మాత్రం తిరిగొచ్చింది. దానికేం చేయాలి సార్ అన్నారు. ఏసీ గదిలో, నూనె లేని తలతో మళ్లీ రికార్డు చేసుకోమన్నాను.