చెరిపేసే ముందు చదవండి

చిన్న కంప్యూటరు తరచూ ఆగిపోతోందని ఎవరి దగ్గర వాపోయినా వచ్చే సలహా ఒకటే. "మెమరీ కార్డు ఫార్మాట్ కొట్టి, సిస్టమ్ మళ్లీ ఎక్కించెయ్." చెన్నైలోనో హైదరాబాద్‌లోనో కూర్చున్నవాళ్లకు ఇది చవకైన సలహా. మర్నాటికి కొత్త కార్డు, కావాలంటే కొత్త బోర్డు గుమ్మంలోకి వస్తాయి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి కాగితాల మీద శ్రీ విజయపురం, మా నోళ్లలో ఇంకా పోర్ట్ బ్లెయిరే) ఉన్న నాకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మెయిన్‌ల్యాండ్ నుంచి సరుకు రావడానికి రోజులు పడతాయన్నది ఒక్కటే కారణం కాదు. జబ్బేమిటో తేలకుండా కార్డు తుడిచేయడమంటే, పోస్టుమార్టం కాకముందే శవాన్ని కాల్చేయడం. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది. తర్వాత అదే జబ్బు తిరగబెడుతుంది. అప్పటికి చేతిలో ఒక్క ఆధారమూ ఉండదు.

మా డాబా మీద ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఉంది. వాన, తేమ, వేడి, గాలి ఒత్తిడి కొలిచి నిమిషానికోసారి రాసుకుంటుంది. అరచేతిలో ఇమిడే ఈ బోర్డును పిల్లలు ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలన్న ఉద్దేశంతో కేంబ్రిడ్జిలో ఎబెన్ అప్టన్, ఆయన మిత్రులు తయారుచేశారు. 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికొచ్చినప్పుడు దాని ధర 35 డాలర్లు. టేబుల్ మీద, ఫ్యాను కింద నేర్చుకోవడానికి చేసిన వస్తువును ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే ఊళ్లో, ఉప్పుగాలిలో, డాబా మీద పెట్టాం. అది అలిగితే తప్పు దానిదేనని అనలేం.

ఈ పెట్టె సంగతి నాకంటే ఎక్కువ పట్టించుకునేవాడు జంగ్లీఘాట్‌లో పడవ ఉన్న ఒక పెద్దాయన. శ్రీకాకుళం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. "ఏటి బాబూ, నీ డబ్బా మల్లీ పడుకున్నాదేటి?" అని దారిలో కనిపిస్తే అడుగుతాడు. ఆకాశం చదవడంలో ఆయనకు నా అంకెలతో పనిలేదు. తాను అనుకున్నదీ డబ్బా చెప్పిందీ ఒకటవుతాయో లేదో చూడాలని సరదా. "లేదు మావయ్యా, ఇందాకే లేపాను" అంటాను. "నువ్వు లేపడం కాదు, అదెందుకు పడుకుంటన్నాదో సూడు" అంటాడు. కంప్యూటర్ల ముందు జీవితం గడిపిన చాలామందికి తట్టని ప్రశ్న అది.

ఎందుకు పడుకుంటోందో చూడాలంటే మొదట తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. ప్రతిసారీ ఒకే చోట ఆగుతోందా, లేక ఒక్కోసారి ఒక్కో చోటా? ఒకే ప్రోగ్రాం, ఒకే పని చేస్తూ, ఒకే వరుస దగ్గర కూలుతుంటే తప్పు సాఫ్ట్‌వేర్‌లో ఉందని దాదాపు నమ్మవచ్చు. ఇవాళ పైథాన్, రేపు బ్రౌజరు, ఎల్లుండి ఏమీ చేయని ఖాళీ సిస్టమ్, ఇలా పొంతన లేకుండా కూలుతుంటే ప్రోగ్రాములను తిట్టడం ఆపి కింద ఉన్నవాటిని చూడాలి. కరెంటు, కార్డు, మెమరీ. సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని తెరమీద పడగానే కోడ్ తెరిచి కూర్చునేవాళ్లను చూశాను. ఒక ప్రోగ్రాం తనది కాని మెమరీ చిరునామాను తాకితే, బోర్డును నడిపే లినక్స్ దాన్ని అక్కడికక్కడే ఆపేసి ఆ మాట చెబుతుంది. ఆ చిరునామా తప్పుగా రాసింది మనిషే కానక్కర్లేదు. వోల్టేజీ కుంగిన క్షణంలో ఒక బిట్ అటుదిటు అయినా ఫలితం అదే.

ఈ దీవుల్లో నా మొదటి అనుమానం ఎప్పుడూ కరెంటు మీదే. మాకు మెయిన్‌ల్యాండ్ గ్రిడ్‌తో సంబంధం లేదు. ఏ దీవి కరెంటు ఆ దీవిదే, అందులో ఎక్కువ భాగం డీజిల్ జనరేటర్లది. బల్బు ఒక్కసారి కన్నార్పినా మనకు పట్టదు, ఫ్యాను పట్టించుకోదు. బోర్డు పట్టించుకుంటుంది. ఇక చవక చార్జర్లు, సన్నటి కేబుళ్ల సంగతి వేరే చెప్పాలా? కంపెనీవాళ్లు తమ అడాప్టర్‌ను 5 వోల్టులకు కాకుండా 5.1కి చేయడం వెనక ఒక లెక్క ఉంది. కేబుల్‌లో పోను పోను కొంత తగ్గుతుందని వాళ్లకు తెలుసు. కేబుల్ నిరోధం పావు ఓమ్ ఉందనుకోండి. బోర్డు 2 ఆంపియర్లు లాగినప్పుడు దారిలోనే అర వోల్టు పోతుంది. బోర్డుకు చేరేది 4.6. ఈ బోర్డుల్లో చాలావాటికి గీత 4.63 దగ్గర ఉంటుంది, అంతకంటే దిగితే ప్రమాదమని అర్థం. పావు ఓమ్ అంటే పెద్ద విషయమేమీ కాదు. ఉప్పుగాలికి కనెక్టర్ మీద పచ్చగా చిలుము పడితే చాలు.

ఈ సంగతి బోర్డు దాచుకోదు కూడా. తెర ఉంటే మూలన పసుపు మెరుపు గుర్తు చూపిస్తుంది. తెర లేని మా పెట్టెలాంటివాటిలో వీసీజెన్‌సీఎండీ అనే కమాండుకు గెట్ థ్రాటిల్డ్ అని జోడించి అడగాలి. 50005 అని జవాబొస్తే అందులో రెండు కబుర్లున్నాయి. చివరి 5 ఈ క్షణం గురించి: వోల్టేజీ తక్కువగా ఉంది, అందుకని వేగం తగ్గించుకున్నాను. మొదటి 5 గతం గురించి: బూట్ అయ్యాక ఎప్పుడో ఇలా జరిగింది. 50000 అని వస్తే ఇప్పుడు బాగానే ఉన్నా ఇంతకుముందు ఎప్పుడో కుంగిందని. రాత్రి రెండింటికి జరిగినదానికి పొద్దున్నే సాక్ష్యం చెప్పే అంకె ఇది. రీస్టార్ట్ చేస్తే చెరిగిపోతుంది. అందుకే బోర్డు ఊపిరితో ఉన్నంతవరకూ ప్లగ్గు పీకకుండా ముందు ఈ అంకె రాసుకోవాలి.

వేడిని జనం అనవసరంగా ఆడిపోసుకుంటారు. 80 డిగ్రీలు దాటితే బోర్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అంత తేలిగ్గా కూలదు. ఊహించని దోషులు వేరే ఉంటారు. 2015 ఫిబ్రవరిలో రెండో తరం పై బోర్డు కొత్తగా వచ్చినప్పుడు, కొన్నవాళ్లు దాన్ని మురిపెంగా ఫొటో తీస్తే ఠక్కున ఆగిపోయేది. జెనాన్ ఫ్లాష్ వెలుగు ఒక పవర్ చిప్‌లోని సిలికాన్ మీద పడి, కాంతి విద్యుత్ ప్రభావం వల్ల దాని పని చెడేది. ఆ చిప్ మీద వెలుగు పడకుండా కాస్త జిగురుముద్ద అద్దితే సమస్య పోయింది. దీన్ని ఏ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌లో వెతుకుతాం?

కరెంటు తర్వాత నేను చూసేది గడియారం. ఐదో తరానికి ముందు వచ్చిన పై బోర్డుల్లో సొంత గడియారం లేదు. కరెంటు పోయి వస్తే, చివరిసారి దాచుకున్న సమయం నుంచి లెక్క మొదలుపెట్టి, ఇంటర్నెట్ దొరికాక సరిదిద్దుకుంటుంది. రాత్రి కరెంటు మూడు గంటలు పోయి, వచ్చాక నెట్ లేకపోతే, ఆ బోర్డు ప్రపంచంలో ఆ మూడు గంటలూ లేనట్టే. ఆ తర్వాత లాగ్‌లో రాసుకున్న ప్రతి సమయమూ తప్పే. ఎప్పుడు కూలిందో తెలియనప్పుడు ఎందుకు కూలిందో ఎలా తేలుతుంది? కరెంటు కుంగిన సమయానికీ ప్రోగ్రాం కూలిన సమయానికీ ముడి పెట్టలేం. నాణెం బ్యాటరీతో నడిచే డీఎస్ 3231 అనే చిన్న గడియారపు చిప్ ఒకటి తగిలిస్తే ఈ బాధ తప్పుతుంది. మిగతా హంగులన్నిటి కంటే ముందు కొనవలసింది అదేనని నా గట్టి అభిప్రాయం.

కొలత పక్కన సరైన సమయం లేకపోతే ఆ కొలతకు విలువ లేదన్నది మా దీవులకు పాత పాఠమే. 1881 డిసెంబర్ 31న కార్ నికోబార్ దగ్గర పెద్ద భూకంపం వచ్చింది. దాంతో లేచిన సునామీ అలలను బంగాళాఖాతం చుట్టూ ఉన్న పోటు కొలిచే యంత్రాలు కాగితం మీద గీసిపెట్టాయి. 120 ఏళ్లు దాటాక, 2003లో, మోడెస్టో ఓర్టిజ్, రోజర్ బిల్హామ్ అనే శాస్త్రజ్ఞులు ఆ గీతల ఆధారంగానే నాటి భూకంపం ఎంతటిదో లెక్కకట్టారు. మరుసటి ఏడాదే 2004 డిసెంబర్ 26 నాటి సునామీ వచ్చింది. ఆ తర్వాత 2007లో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో మొదలైన సునామీ హెచ్చరిక కేంద్రానికి కూడా ఏ పోటు ఏ నిమిషాన లేచిందన్నదే ప్రాణం. మా డాబా పెట్టె అంతటి పని చేస్తుందని కాదు. పద్ధతి మాత్రం ఒకటే.

ఇక మెమరీ కార్డు. దాని గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అందరూ తిట్టేది దాన్నే. రాసే మధ్యలో కరెంటు పోతే ఫైల్ సిస్టమ్ తన జర్నల్ చూసుకుని చాలావరకు కోలుకుంటుంది. కానీ కార్డు లోపల ఏ సమాచారం ఏ గదిలో ఉందో చెప్పే సొంత పట్టిక ఒకటుంటుంది. అది చెడితే లినక్స్ చేయగలిగింది లేదు. పైగా 64 జీబీ అని ముద్ర కొట్టి అందులో పావు కూడా లేని నకిలీ కార్డులున్నాయి. ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాం కార్డు నిండా రాసి, మళ్లీ చదివి, నిజం చెబుతుంది. కొత్త కార్డు కొనగానే ఆ పరీక్ష చేయకుండా డాబా ఎక్కించకండి.

ఇవన్నీ దాటాక మిగిలేది అసలు సాఫ్ట్‌వేర్ తప్పు. అది దొరికినప్పుడు నాకు నిజంగా సంతోషం, ఎందుకంటే అది నిలకడైన శత్రువు. మెమరీ మెల్లగా నిండుతూ పోయి లినక్స్ ఏదో ఒక ప్రోగ్రామును బలి ఇస్తే, కెర్నల్ లాగ్‌లో అవుట్ ఆఫ్ మెమరీ అని, ఎవర్ని చంపిందో పేరుతో సహా రాస్తుంది. కొలతలన్నీ ఒక జాబితాలో పోగేసి ఎప్పటికీ ఖాళీ చేయని ప్రోగ్రాములే మామూలుగా ఇందుకు కారణం. పైథాన్ ఏ మాటా చెప్పకుండా కూలితే ఫాల్ట్‌హ్యాండ్లర్ అనే సదుపాయం ఆన్ చేసి నడపండి. కూలే ముందు ఏ వరుసలో ఉందో చెప్పి మరీ పోతుంది. నా అనుభవంలో తప్పు తరచూ ఆ వరుసది కాదు. అది పిలిచే, సెన్సర్‌తో మాట్లాడటానికి దించుకున్న సీ భాషలోని లైబ్రరీది. లాగ్‌లు మెమరీలోనే ఉండేలా సెట్ అయివుంటే రీస్టార్ట్‌తో అవీ పోతాయి. జబ్బు వెతుకుతున్నన్నాళ్లైనా వాటిని కార్డు మీదికి మార్చాలి. కార్డు కాస్త అరిగితే అరగనివ్వండి.

కూలిన బోర్డును తనంతట తానే లేచేలా చేసే ఏర్పాటు కూడా ఉంది, దాన్ని వాచ్‌డాగ్ అంటారు. సుమారు 15 సెకన్లలోపు ప్రోగ్రాం నుంచి పలుకు రాకపోతే బోర్డును రీసెట్ చేస్తుంది. మనిషి చేరలేని చోట ఇది ఉండి తీరాలి. అయితే ఇదొక్కటే పెట్టుకుని నిద్రపోయేవాళ్లతో నాకు పేచీ. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కథ ఇందుకే నాకిష్టం. దిగిన కొద్ది రోజులకే దాని కంప్యూటర్ పదేపదే రీసెట్ కావడం మొదలైంది. వాతావరణ కొలతలు తీసుకునే తక్కువ ప్రాధాన్యం గల పని ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్యరకం పనులు దాన్ని పక్కకు నెట్టేవి. ఆ తాళం కోసం కాచుకున్న అతిముఖ్యమైన పని గడువు తప్పేది. వాచ్‌డాగ్ మొత్తాన్ని రీసెట్ చేసేది. ఇంజనీర్లు భూమ్మీది నమూనా యంత్రంలో అదే వైఫల్యాన్ని రప్పించి, కారణం పట్టుకుని, ఒక సెట్టింగ్ మార్చి పంపారు. అది సాధ్యమైంది, జాడలు రాసిపెట్టే సదుపాయాన్ని ప్రయోగానికి ముందు తీసేయకుండా ఉంచారు కాబట్టి. రీసెట్‌లతో సరిపెట్టుకుని ఉంటే రోజూ కొంత సమాచారం పోతూనే ఉండేది.

2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ ప్రారంభమయ్యే వరకూ మాకు ఉపగ్రహమే దిక్కు. ఒక ప్యాకేజీ దించుకోవడానికి రాత్రంతా పట్టే రోజుల్లో, చేతిలో ఉన్న లాగ్‌ను చివరి వరుసదాకా చదవడం తప్ప గతిలేదు. కేబుల్ వచ్చింది, మేలే జరిగింది. కానీ సిస్టమ్ మొత్తం మళ్లీ దించుకోవడం తేలికయ్యాక చదివే ఓపిక తగ్గిందని మా కుర్రాళ్లను చూస్తుంటే అనిపిస్తుంది. తుడిచేయడం అరగంట పని. చదవడానికి ఒక పూట కావాలి.

2016లో అటల్ టింకరింగ్ ల్యాబులు మొదలయ్యాక దేశంలో చాలా స్కూళ్లకు ఇలాంటి బోర్డులు వచ్చాయి. వాటిలో కొన్ని "పాడైంది" అన్న చీటీతో బీరువాలో పడుంటాయి. ఈ కాలమ్ చదివే మాస్టార్లకు, మేడమ్‌లకు ఒక మనవి. ఆ చీటీ చింపేయండి. మందపాటి కేబుల్ ఉన్న మంచి అడాప్టర్ ఒకటి అరువు తెచ్చి బోర్డును వెలిగించండి. పిల్లల చేత కార్డులోని లాగ్‌ను ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీయించి, చివరి వంద వరుసలు గట్టిగా చదివించండి. ఫార్మాట్ ఆ తర్వాత ఎప్పుడైనా కొట్టుకోవచ్చు.