చక్రముల ఋజువర్తనము

కారు చక్రములు నాలుగును తిన్నగా నుండవలెనని కోరనివారుండరు. అలైన్‌మెంటు అనగా వంకరపోయిన చక్రమును తిన్నగా చేయుటయే యనియు, అందులకు ఈనాడు చక్కని యంత్రములు వచ్చినవనియు, ఆ యంత్రపు తెరమీద ఎర్రగా నున్న అంకెలు పచ్చబడినంతనే డబ్బు చెల్లించి నిశ్చింతగా ఇంటికి పోవచ్చుననియు మనలో చాలమంది నమ్ముదురు. విజయవాడ ఆటోనగరులో ఈ పనిని చిరకాలము చూచి, ఒక వృద్ధ మేస్త్రీవద్ద కొంత నేర్చుకొని, నా బండికి నేనే చేసికొనుట అలవాటైన పిదప, ఆ నమ్మకములో సగము మాత్రమే నిజమని నాకు తోచినది. బండిని నిర్మించినవాడే దాని చక్రములను బుద్ధిపూర్వకముగా ఇంచుక వంకరగా అమర్చును. ఆ వంకర ఎంత, ఎటు, ఎందులకు అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసియుండుటయే ఈ విద్య.

అంబాసిడరు వలె వెనుకచక్రముల బలముతో నడచు బండిని తీసికొందము. అది పరుగెత్తునపుడు ముందుచక్రములకు రోడ్డు ఎదురొడ్డును; ఆ ఒత్తిడికి రబ్బరు బుష్షులు నలిగి, కీళ్ళలోని సందులు ఒకవైపునకు జరిగి, చక్రముల ముందంచులు వెలుపలికి విచ్చుకొనజూచును. కావుననే బండి నిలిచియున్నపుడు ఆ అంచులను ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి మూసి యుంచుదురు. దీనినే టో ఇన్ అందురు. నేటి చిన్నకార్లలో ముందుచక్రములే బండిని లాగును గనుక, ఆ బలము వానిని లోపలికి త్రిప్పజూచును; అందుచేత వానిలో చాలవానికి సున్నకు సమీపముగాను, కొన్నిటికి కొంచెము టో ఔట్‌గాను నిర్ణయింతురు. ఏ కొలతయైనను నిలిచియున్న బండికొరకు గాక పరుగెత్తు బండికొరకు వేసిన లెక్క.

ఒక మిల్లీమీటరు తేడాకు ఇంత రభస యెందులకని అడుగువారు లేకపోలేదు. పదహారంగుళాల రిమ్ము వ్యాసము సుమారు 406 మిల్లీమీటర్లు. దాని ముందంచునకును వెనుకంచునకును నడుమ ఒక్క మిల్లీమీటరు అదనపు తేడా వచ్చినచో, ఆ చక్రము ప్రతి కిలోమీటరు నడకలోను దాదాపు రెండున్నర మీటర్లు అడ్డముగా ఈడ్వబడును. పదివేల కిలోమీటర్లు తిరుగునప్పటికి ఈ అడ్డపు ఈడ్పు 25 కిలోమీటర్లగును. అనగా విజయవాడనుండి మంగళగిరికి పోయి వచ్చునంత దూరము టైరును తారురోడ్డుమీద పక్కవాటుగా రాచినట్లు. 'టైరు తినేస్తోంది' అని మన డ్రైవర్లు మొరపెట్టుకొను వ్యాధికి మూలము తరచుగా ఇదియే. దీనిని కంటికంటె చేయి ముందు పసిగట్టును. అరచేతిని టైరు నడకతలముమీద అడ్డముగా పోనిచ్చినచో ఒక దిశలో నున్నగాను, ఎదురుదిశలో గోటికి తగులు అంచులతో గరుకుగాను ఉండును. ఏ దిశలో గరుకైనదో దానినిబట్టి చక్రము లోపలికి మూసికొన్నదో వెలుపలికి విచ్చుకొన్నదో అనుభవజ్ఞుడు చెప్పగలడు.

తక్కిన రెండు కోణములను గూర్చి క్లుప్తముగా చెప్పెదను. ఎదుటనుండి చూచినపుడు చక్రపు తల లోపలికిగాని వెలుపలికిగాని వాలియుండుట క్యాంబరు; అది మితిమీరినచో టైరు ఒక భుజముననే అరుగును. క్యాస్టరు ప్రక్కనుండి చూడవలసినది. సైకిలు ముందుఫోర్కు వెనుకకు వాలియుండుటచేత, హ్యాండిలు తిరుగు అక్షరేఖను నేలదాక పొడిగించినచో అది టైరు నేలను తాకుచోటికి కొంచెము ముందు పడును. చేతులు విడిచియు సైకిలు త్రొక్కగల కుర్రవానికి ఇది ఒక ముఖ్యమైన అండ. కారులో మలుపు తిరిగిన పిదప స్టీరింగు తనంత తాను మధ్యకు వచ్చుటకును ఇదే ప్రధాన హేతువు.

ఇక పని. మా మేస్త్రీ బండిని చూచీ చూడకముందే ప్రతివానిని ఒకే ప్రశ్న వేసెడివాడు: "గాలి చూశారా? ముందు అది కానివ్వండి, తర్వాత మాట్లాడుకుందాం." నాలుగు టైర్లలోను గాలి సమముగా చూచిన పిదప, జాకీ వేసి, చక్రమును పైనను క్రిందను పట్టి ఊపును, అచట 'టక్' మన్నచో బేరింగుగాని బాల్‌జాయింటుగాని అరిగినట్లు. తరువాత కుడియెడమల పట్టి ఊపును. అచట ఆట తగిలినచో టైరాడ్ ఎండుమీద, స్టీరింగు ర్యాకుమీద అనుమానము. అరిగిన కీలు ఒక్కటి యున్నను ఆయన దారము తీయడు. కదులుచున్న చోటును కొలుచుట వ్యర్థమని ఆయన సిద్ధాంతము, నాదియు నదే.

ఆ దారపు పద్ధతి యిట్టిది. స్టీరింగును నడిమికి కట్టి, బండికి ఇరుప్రక్కల చక్రనాభి యెత్తున, నాలుగు స్టాండ్లమధ్య రెండు గట్టి దారములు బిగింతురు. ముందునాభులనుండి దారము దూరము కుడియెడమల సమానముగాను, వెనుకనాభులనుండియు అట్లే కుడియెడమల సమానముగాను ఉండునట్లు స్టాండ్లను వెండ్రుకవాసి జరుపుచు పోవలెను. పని ఓర్పంతయు ఇందులోనే ఖర్చగును. ఆపైన ఉక్కు స్కేలుతో రిమ్ము ముందంచునుండి దారమునకు, వెనుకంచునుండి దారమునకు కొలిచినచో, ముందంచు ఎంత ఎక్కువ దూరమున్నదో అంత టో ఇన్. కాని రిమ్మే కొంచెము సొట్టపడి యుండవచ్చును. అందుచేత బండిని చక్రము సగము చుట్టు తిరుగునంత ముందుకు దొర్లించి మరల కొలిచి, రెండింటి సరాసరి తీసికొందురు. పిదప టైరాడ్ లాక్‌నట్టు వదలించి, ముందుచక్రముల క్రింద గ్రీజు పూసిన రెండేసి రేకులుంచి, రాడ్డును త్రిప్పుదురు. సామాన్యముగా పావుచుట్టుకే రిమ్మువద్ద సుమారొక మిల్లీమీటరు కదలును, పైని చెప్పిన మంగళగిరి యాత్రకు అది చాలును! రెండు వైపులను సమానముగా త్రిప్పనిచో టైర్లు బాగుపడినను స్టీరింగు మాత్రము వంకరగా నిలుచును.

దారములను వెనుకచక్రములకు సైతము సరిచూచుటయే ఇందులోని మర్మము. బండిని ఏ దిక్కునకు నెట్టవలెనో నిశ్చయించునది వెనుకజత. వెనుక యిరుసు ఒక గుంటలో దెబ్బతిని వారగా తిరిగినచో, ముందుచక్రములను ఎంత సూక్ష్మముగా సర్దినను బండి ఓరగానే నడచును, డ్రైవరు స్టీరింగును ఓరగానే పట్టుకొనును. ముందుచక్రములు ఋజువో కాదో వెనుకవానినిబట్టియే చెప్పవలెనుగాని వానంతట అవి ఋజువులు కానేరవు. కావున వెనుకచక్రములను సర్దుటకు మరలు లేని కార్లలోనైనను వానిని కొలువక తప్పదు.

మలుపుల సంగతి వేరు. మలుపులో లోపలిచక్రము చిన్న వలయమును, వెలుపలిది పెద్ద వలయమును గీయవలెను గనుక లోపలిది ఎక్కువగా తిరుగవలెను. ఈ సూక్ష్మమును మ్యూనిచ్ నగరపు బండ్లశిల్పి గియోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ 1817లో గుఱ్ఱపుబండ్లకొరకు కూర్చెను. ఆయన పక్షమున 1818లో ఇంగ్లండులో పేటెంటు పొందిన రుడాల్ఫ్ అకెర్మన్ లండనులో చిత్రపటముల వ్యాపారి. కల్పించినవాడు మరుగునబడి అకెర్మన్ పేరే నేటికిని నిలిచినది. పేటెంటుల లోకమున ఇది వింత కాదు. ఈ అమరిక స్టీరింగు చేతుల కోణములోనే యిమిడియున్నది. దానిని సర్దుటకు వేరు నట్టు లేదు. చెయ్యి వంగిన బండికి టైరాడ్ త్రిప్పి తెరమీది అంకెలను పచ్చబరచవచ్చును. అది తిన్నగా బాగుగనే పోవును, మలుపులో మాత్రము టైర్లు కీచుమనును.

యంత్రములను నేను నిందింపను. కెమెరాలతో నాలుగు చక్రములను ఒక్కమారు కొలుచు నేటి యంత్రము మా దారముకంటె వేగవంతము, సూక్ష్మతరము కూడ. నాకు గిట్టనిది, అంకెకొరకు బండిని వంచుట. మాక్‌ఫెర్సన్ స్ట్రట్టు గల మన చిన్నకార్లలో పెక్కింటికి సర్దదగినది టో ఒక్కటే. అట్టి బండిలో క్యాంబరు చెడినదనగా ఏదో వంగినదనియో, బుష్షు క్రుంగినదనియో అర్థము. దానిని వెదకి మార్చుటకు బదులు, హైడ్రాలిక్ సాధనము తగిలించి స్ట్రట్టునే లాగి వంచి, 'క్యాంబరు సెట్ చేశాం' అని బిల్లు వ్రాయుట వైద్యము కాదు.

అట్లే ప్రతి లాగుడును అలైన్‌మెంటు దోషము కాదు. మన రోడ్లు వాననీరు పోవుటకై అంచులకు వాలియుండును. ఎడమప్రక్క నడచు మన బండి చేయి వదలినచో కొంచెము ఎడమకు ఒరుగుట సహజము. అంతకు మించి లాగినచో ముందటి టైర్లు రెండింటిని కుడియెడమలు మార్చి చూడవలెను; లాగుడు దిక్కు మారినచో దోషము టైరుది. ఒకానొక వేగమున స్టీరింగు వణకుట తరచు బ్యాలెన్సింగుకు సంబంధించిన మరొక కథ.

కావున పాఠకులకు నా మనవి యిది. ఈసారి అలైన్‌మెంటుకు పోయినపుడు గాలి కొలిచిరా, జాకీ వేసి చక్రము ఊపి చూచిరా, వెనుకచక్రములను కూడ కొలిచిరా అని మూడు మాటలు అడుగుడు. పనికి ముందటి అంకెల కాగితమును, పని తరువాతి కాగితమును రెండింటిని తీసికొనుడు. జాకీ వేయకయే తెరను చూపించు చోట డబ్బు చెల్లింపకుడు.